మూతి మీద ఎరుపు, చెవిలో పేరు

భీమిలి, సోమవారం

ప్రియమైన శ్రీసత్య వదినకి,

బాలింత ఫోన్ సూస్తే కళ్ళు పోతాయని అమ్మ నీ ఫోన్ బీరువాలో పెట్టీసిందట కదా! అందుకే సేపలకి వచ్చిన అన్నయ్య ఆటోలో ఈ ఉత్తరం పంపుతన్నాను.

జరం తగ్గీసింది. పోతాపోతా మూతి మీద పేలింది. ఆ పొక్కూ ఎండి రాలిపోయింది గానీ, పెదవి పక్కన ఎరుపు మాత్రం పోడం లేదు. నిన్న అమ్మ వచ్చి సూసి, "జరం ఇంకా లోపలే ఉందే. ఆదివారం బారసాలకి నువ్వు రావద్దు, పాప పేరు నానే సెప్తాలే" అనీసింది.

మనింట్లో పాప చెవిలో పేరు సెప్పేది మేనత్తే కదా వదినా! లహరి అని నీ కడుపులో ఉన్నప్పుడే అనుకున్నాను. మూతి చెవి దగ్గర పెట్టాల కాబట్టి అమ్మకి భయమట. సున్నం రాయమంది, రాస్తన్నాను. తగ్గడం లేదు. ఏడుపొస్తంది.

నీ ఆడపడుచు,
ధన

జాలారిపేట, మంగళవారం

బంగారు మరదలా,

నవ్వలేక సచ్చాను. నవ్వితే కుట్లు లాగుతన్నాయి. ఒలే, సున్నం రాయడానికి అది మూతేనా, గోడనుకున్నావా?

అయినా దాచకుండా సెప్తన్నాను, నాకూ భయమే. పొక్కు పచ్చిగా ఉన్నన్నాళ్ళూ నువ్వు మా గుమ్మం తొక్కలేదు సూడు, అందుకు నీకు దండం పెట్టాల. పసిగుడ్డు కదమ్మా. డాక్టరమ్మకి సూపించు. ఆవిడ సరేనంటే అత్తని నాను ఒప్పిస్తాను. కాదంటే నువ్వే పెద్దమనసు సేసుకో.

నీ మంచి కోరే
వదిన

భీమిలి, గురువారం

వదినమ్మా,

ఎళ్ళొచ్చాను! డాక్టరమ్మ లైటేసి మరీ సూసింది. పెచ్చు రాలిపోయి, కింద చర్మం మూసుకుపోయింది కాబట్టి ఇంక అంటదట. ఎరుపు కొత్త చర్మానిదట, నెమ్మదిగా అదే పోతాదట. సున్నం మాట సెప్పగానే నెత్తి కొట్టుకుంది. అది కూడా ఎర్రగా ఉండడానికి కారణమేనట. ఇప్పుడు ఉత్త వాజిలినే రాస్తన్నాను.

పాప దగ్గరికి ఎళ్ళొచ్చంది. సేతులు కడుక్కోవాల, ముద్దులు మాత్రం ఎవరూ పెట్టకూడదట.

ఇంక అమ్మ ఏటంటాదో! తొందరగా రాయి.

ధన

జాలారిపేట, శనివారం

ప్రియమైన మేనత్తగారికి,

పొద్దున్న పాపకి పాలిచ్చి అలా కునుకు తీశాను. కళ్ళు తెరిసేసరికి అత్త ఉయ్యాల మీదకి వంగి "పైడితల్లీ, పైడితల్లీ" అంటంది. ఇదేటత్తా అన్నాను. దొరికిపోయింది. కూలబడి గొల్లుమంది.

పైడితల్లి మీ అమ్మమ్మ పేరేనటగా. నీకు పేరు పెట్టినప్పుడు కూడా అత్త ఆ పేరే అడిగిందట. అప్పుడు నీ మేనత్త మాటే సెల్లిందట, అత్త మాట ఎవరూ ఇనలేదట. నీ ఎరుపు సూసేసరికి అత్తకి ఆశ పుట్టింది. జరం లోపలుందన్నది వంకేనే తల్లీ!

నాకు కోపం రావాల. రాలేదు, అత్తతో పాటు నానూ ఏడిశాను. మీ అన్న వచ్చి, ఇల్లంతా ఏడుపేటని బెదిరిపోయాడు.

దేవుడు పాపకి రెండు చెవులిచ్చాడు. ఒకటి నీకు, ఒకటి అత్తకి. పైడితల్లి లహరి! ఎవరికి నచ్చింది వాళ్ళు పిలుసుకోండి. రేపు తెల్లారేసరికి అన్న ఆటో నీ గుమ్మంలో ఉంటాది.

ఇది రాస్తంటే అత్త పక్కనే కూసుంది. "కుడి చెవి దానికే ఇవ్వే, మేనత్త కదా" అంటంది.

నీ కోసం ఎదురు సూసే
వదిన, అమ్మ