రాతి దేవత గొంతు

జూన్ 3

కొత్త ఆడియోబుక్ స్క్రిప్ట్ వచ్చింది. రచయిత పేరు చూశాను. మా ఆయన. అంటే, ఒకప్పటి మా ఆయన.

నేను మా అమ్మమ్మ పేరుతో ఈ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి మేనేజర్‌కి సంగతి తెలియదు. ఆ మహానుభావుడికీ తెలియదు. చదువుతానన్నాను. ఇంకెవరో ఎందుకు చదవాలి?

జూన్ 4

ఇంట్లో చదువుకోవడం సగం అయింది. ఫాంటసీ. ఏడుగురు చంద్రులున్న లోకం, మాట్లాడే నదులు, ఒక తత్వవేత్త. బంధమంతా భ్రమ అని అతనికి ఒకరోజు తోస్తుంది. నిద్రపోతున్న భార్యను వదిలి సత్యాన్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఆమె లేచి, ఏటి ఒడ్డుదాకా వచ్చి, అతన్ని క్షమించి, అక్కడే రాయైపోతుంది. తర్వాత జనం ఆమెకు గుడి కడతారు. ఇల్లు వదిలి వెళ్ళే మగవాళ్ళంతా ఆమె పాదాలు తాకి అనుమతి తీసుకుంటారట! దానికొక మతం, ఆ మతానికొక శాస్త్రం, ఆ శాస్త్రానికి ముప్ఫై పేజీల చర్చ.

తత్వం, మతం, పురాణం ముప్పేటగా అల్లిన నవల అని అట్ట మీద ఎవరో పెద్దాయన మెచ్చుకున్నాడు. మూడూ కలిపి ఒక్క పారిపోవడాన్ని కప్పారు, అంతే.

మా ఇంట్లో ఆ రోజు నదులేమీ మాట్లాడలేదు. పది నెలల పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది.

జూన్ 4, సాయంత్రం

పూర్తయింది. పుస్తకంలో బిడ్డ లేదు.

జూన్ 9

ఆమోదం కోసం నా గొంతు శాంపిల్ ఆయనకు పంపారు. బాగుందన్నాడట. కాస్త చిన్న వయసులా వినిపిస్తే ఇంకా బాగుంటుందన్నాడట. పుస్తకంలో ఆ తత్వవేత్త భార్య గొంతును వెయ్యి గొంతుల్లోనైనా పోల్చుకోగలడు. దాని మీద రెండు పేజీలు రాశాడు.

రికార్డింగ్ రోజుల్లో ఐస్ నీళ్ళు తాగకూడదు. సీసా మొత్తం తాగాను.

జూన్ 12

మా అమ్మాయి బుజ్జి ఆ పుస్తకం ఎప్పుడో స్కూల్ లైబ్రరీలో చదివేసిందట. నాకు చెప్పలేదు. రాసింది వాళ్ళ నాన్నేనని దానికి తెలుసు. అందరూ పోయేవాళ్ళే కాబట్టి ఎవరికి ఎవరూ ఏమీ కారన్న వాదన బాగానే ఉంది కదా అంది. ఇల్లు వదిలినవాడల్లా జ్ఞాని అయితే ఈపాటికి బస్టాండ్ నిండా జ్ఞానులే ఉండాలన్నాను. పగలబడి నవ్వింది.

నవ్వాక, నన్ను పెట్టడం మర్చిపోయాడా, కావాలనే తీసేశాడా అని అడిగింది. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు.

జూన్ 17

రేపు క్షమించే అధ్యాయం. వెళ్ళండి స్వామీ, మీ సత్యమే నా సంతానం. ఇదీ ఆ రాతి దేవత ఆఖరి మాట. ఒప్పందం ప్రకారం ఒక్క మాట తీయకూడదు, ఒక్క మాట చేర్చకూడదు. నా నోటితో అనాలి. బస్సుల్లో, వంటిళ్ళలో జనం వింటారు. ఆయన తనకు తాను రాసుకున్న క్షమాభిక్ష పత్రం మీద నా సంతకం.

చచ్చినా పెట్టను.

జూన్ 18

చదివేశాను. ఒక్క మాట కూడా మార్చలేదు.

గాజులు తీసి బయట పెట్టాను. బూత్‌లో ఏసీ ఆపేశారు. ఆ వాక్యానికి ముందు కాస్త ఖాళీ ఉంది. అక్కడ తొడ మీద మెల్లగా తడుతూ జోకొట్టాను. ఊ... ఊ... అన్నాను. ఊ అనేది మాట కాదు కదా. తర్వాత, పక్కలో పిల్ల లేస్తుందేమో అన్నంత లోగొంతుతో, వెళ్ళండి స్వామీ అన్నాను. మళ్ళీ జోకొట్టాను.

సౌండ్ ఇంజినీర్ ఆపలేదు. నన్ను అక్కా అని పిలిచే కుర్రాడు. అద్దం తలుపు తీసుకుని వచ్చి, అక్కా, ఆ పిల్ల ఎవరు అని అడిగాడు. యాక్టింగ్ అన్నాను. బాగుందని అలాగే ఉంచేశాడు.

ఆయన తీసేసిన పిల్లను ఆయన పుస్తకంలోనే పడుకోబెట్టి వచ్చాను.

ఆగస్టు 20

విడుదలై రెండు వారాలు. యాప్‌లో కామెంట్లన్నీ ఒకటే గోల. ఆ బిడ్డ ఏమైంది? రాయైన తల్లి దగ్గర పిల్లకు పాలెవరు పట్టారు? ఒకావిడ, స్వామి సత్యం తర్వాత, ముందు పిల్లను చూసుకోమనండి అని రాసింది. ఆవిడకు దండం పెట్టాలనిపించింది.

ఆ ముక్క తీసేయమని ఆయన ఫోన్ చేశాడట. అమ్మకాలు చూసి మేనేజర్ కుదరదన్నాడట.

సెప్టెంబరు 6

పుస్తకాల షాపులో ఆయన సభ. లైవ్‌లో బుజ్జీ నేనూ చూశాం. ముందు వరసలో ఒక ముసలావిడ లేచి, పెళ్ళాన్ని వదిలావు సరే నాయనా, పిల్లను ఎవరి చేతిలో పెట్టి వెళ్ళావు అని అడిగింది. కథలో మనిషిని అడుగుతున్నట్టు కాదు, ఆయన్నే అడుగుతున్నట్టు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నీళ్ళు తాగాడు. ఆ బిడ్డ సాధకుడి ఆత్మకు ప్రతీక అన్నాడు.

ఎంత హాయిగా నవ్వానో! అయితే నేను ఆత్మనా అంది బుజ్జి. ఇద్దరం మళ్ళీ నవ్వాం. అది అన్నం తినకుండా పడుకుంది.

మార్చి 11

రెండో భాగం స్క్రిప్ట్ వచ్చింది. శ్రోతల పోరు పడలేక బిడ్డను పెట్టాడు. ఐదేళ్ళ పాప. పెట్టి, మొదటి అధ్యాయంలోనే జ్వరంతో చంపేశాడు. ఆ దుఃఖంతోనే తత్వవేత్త ఇల్లు విడిచాడట. ఇప్పుడు ఆయనకు ఏ గొడవా లేదు. వదిలి వెళ్ళడానికి పిల్లంటూ మిగల్లేదు.

ఆ జ్వరం నాకు తెలుసు. రెండో రోజుకి తగ్గింది. తగ్గిందో లేదో చూడ్డానికి ఆయన లేడు.

నన్ను వదిలేసి వెళ్ళిననాడు కూడా ఇంత కోపం రాలేదు.

మార్చి 13

పోయే ముందు ఆ పాప నాన్నతో నాలుగు మాటలు మాట్లాడుతుంది. దానికి పిల్లల గొంతు కోసం ఇంజినీర్ వెతుకుతున్నాడు. టేబుల్ మీది స్క్రిప్ట్ బుజ్జి చదివేసింది. గొంతు సన్నం చేసి ఆ మాటలు చెప్పి చూపించింది.

తనే చెబుతానంది. వద్దన్నాను. నా పగలోకి నిన్ను లాగనన్నాను. నీ పగ నువ్వు తీర్చుకున్నావు కదమ్మా, నాది నాకుంది అంది.

పిల్లల గొంతు ఇంక వెతకొద్దని ఇంజినీర్‌కి ఫోన్ చేశాను.

మార్చి 19

బుజ్జి ఒక్క టేక్‌లో చచ్చిపోయింది. సాయంత్రం శాంపిల్ ఆయనకు పంపారు. పాప గొంతు ఎవరిదని వేయాలో ఆఫీసు వాళ్ళు అడిగితే తన పేరు తనే రాసిచ్చింది.

ఆయన ఇంటిపేరుతో సహా.