పల్లిపాలేనికి అయిదు సైకిళ్ళు

పల్లిపాలెం, అల్లవరం దగ్గర,
10 మే 1976.

బడి సైకిళ్ళ సంఘం కార్యదర్శి వరప్రసాదం మాస్టారికి హన్నా వందనాలు.

వేసవి సెలవుల్లో ఉద్యోగమంటే కొత్తపేటలో ఫ్యాను కింద కూర్చుని కవర్ల మీద చిరునామాలు రాసుకోవచ్చనుకున్నాను. ఈ ఉప్పుగాలిలో పడేస్తారనుకోలేదు. సరే, వచ్చేశాను. మరిడమ్మ అనే పెద్దావిడ ఇంట్లో దిగాను. ఆవిడ మనవరాలు గంగాదేవి ఏడో తరగతి ప్యాసయింది. హైస్కూలు అయిదు మైళ్ళు. సంఘం సైకిలు దొరికితే చదువు, లేకపోతే జూన్‌లో రొయ్యలు ఒలవడానికి మేనత్త దగ్గరికి. పిల్ల నా ఓణీ చెంగు వదలడం లేదు.

మీరు చెప్పినట్టే ఇంటింటికీ వెళ్ళి తండ్రి వయసెంత, పిల్లలెంతమంది, ఆఖరివాడి ఈడెంత అని అడిగి రాసుకున్నాను. తండ్రులు వేలిముద్ర వేసి శిబిరానికి వస్తే సైకిలు ఉచితమని చెప్పాను. మగాళ్ళు మొహాలు మొహాలు చూసుకున్నారు. పొద్దుగూకేసరికి ఊళ్ళో మగపురుగు లేదు. వేట లేని రోజుల్లో పడవలేసుకుని సముద్రంలోకి పోయేరు. అందరికంటే ముందు పోయినవాడు గంగ తండ్రి నూకయ్య. ఆయన వేలిముద్ర లేకుండా సైకిలివ్వరు కదా. ఏం చెయ్యమంటారు?

ఇట్లు,
హన్నా

తా.క. మరిడమ్మగారు నన్ను పెరట్లోకి పిలిచి, "నొప్పెడతాదా అమ్మా?" అని అడిగింది. "మొదట్లో కాస్త చెక్కుకుపోద్దండి, వారంలో అలవాటైపోద్ది" అన్నాను. ఎందుకో కళ్ళొత్తుకుంది.

*

కొత్తపేట,
13 మే.

చి. హన్నాను వరప్రసాదం మాస్టారు దీవించి రాయునది.

కొత్త వస్తువంటే భయం సహజం. ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని, వాళ్ళ తండ్రుల్ని కూడా భయపెట్టి బతికినవాణ్ణి, నాకు తెలుసు. ఈ కింది ముక్క ఊరందరినీ పోగేసి గట్టిగా చదివి వినిపించు:

"భయపడకండి. అరగంట పని. మా మనిషి చెయ్యి తిరిగినవాడు. ఒక్కసారి అయిందంటే జన్మంతా నిశ్చింత. ప్రభుత్వం వారు కూడా మమ్మల్ని మెచ్చుకున్నారు."

శనివారం మన సైకిలు మెకానిక్ దుర్గారావుని పంపుతున్నాను. పిల్లల ఎత్తును బట్టి సీట్లు బిగిస్తాడు. ఒక స్నేహితుణ్ణి బతిమాలి జీపు కూడా సంపాదించాను. వేలిముద్రలు త్వరగా పంపు. ఆలస్యమైతే కమిటీవారు ఆ అయిదు సైకిళ్ళూ వేరే ఊరికి ఇచ్చేస్తామంటున్నారు.

ఆశీస్సులతో,
వరప్రసాదం

తా.క. గ్రీజు మరకల చొక్కాతో పోయి సంఘం పరువు తియ్యొద్దని, తెల్లబట్టలు కట్టుకోమని దుర్గారావుకి చెప్పాను. పనిముట్లు శుభ్రంగా కడిగి తెల్లగుడ్డ మీద పేర్చమన్నాను.

*

పల్లిపాలెం,
16 మే.

మాస్టారికి వందనాలు.

గబగబా రాస్తున్నాను, రాత చూసి తిట్టకండి. మీరు పంపిన ముక్క చదివేను. సగంలోనే ఆడవాళ్ళు శోకాలు మొదలెట్టేరు. ఇంతలో జీపు వచ్చింది. దుర్గారావు మల్లెపువ్వులాంటి చొక్కాతో దిగి, తెల్లగుడ్డ పరిచి, కత్తెర, పటకార్లు వరసగా పేర్చి, "ముందు ఎవరండీ?" అన్నాడు. చేపలు కడిగిన నీళ్ళు మొహాన కొట్టేరు.

అప్పటికిగాని నాకు బుర్రకెక్కలేదు. వాళ్ళు మనల్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వాళ్ళనుకుంటున్నారండీ. ఎక్కడో జీపొచ్చి మగాళ్ళని ఎక్కించుకుపోయిందని ఊరంతా పుకారు. మనమూ పిల్లల లెక్కే అడిగాం, జీపులోనే దిగాం. "పిల్లలు బడికెళ్ళడానికండీ" అని ఒట్లు పెట్టినా నమ్మరు. "ఊరికే సైకిలెవడిత్తాడమ్మా?" అంటారు.

మగాళ్ళు రోజూ చీకటిపడ్డాక వచ్చి, ఇంత తిని, తెల్లారకముందే పోయేవారు. నిన్న జీపు చూసి పడవలు వెనక్కి తిరిగేయి. మళ్ళీ రాలేదు. రాత్రి నుంచి గాలి తిరిగింది. పడవల్లో మంచినీళ్ళు కూడా ఉండవు. మరిడమ్మగారు కొడుకు కోసం ఒడ్డునే కూర్చుంది, నాకేసి చూడదు. అన్నం సయించడం లేదు మాస్టారూ. ఎవరికేమైనా దానికి కారణం నేనే.

హన్నా

తా.క. గంగ నా చెవిలో, "మా నాన్నకి చేసేసినా పర్లేదక్కా, సైకిలు మాత్రం నా పేరే రాయండి" అంది.

*

కొత్తపేట,
18 మే.

చి. హన్నాకు.

తక్షణం బయల్దేరి వచ్చెయ్యి. నిన్ను ఏ మాటన్నా అంటే మీ నాన్నగారికి నేనేం చెప్పను? కమిటీవారు తీర్మానం చేసేశారు. సోమవారం సైకిళ్ళు వేరే ఊరికి వెళ్తాయి. గంగాదేవి సంగతి నన్నూ బాధిస్తోంది, కాని నా చేతుల్లో లేదు.

వరప్రసాదం

తా.క. జీపు తిరిగి అప్పగించేముందు కాసేపు మా వీధిలో ఆపేం. ఎదురింటి పోస్టుమాస్టరు గోడ దూకేడు. కాలు బెణికింది. ఇకమీదట ఉత్తరాలు ఆలస్యం కావచ్చు.

*

పల్లిపాలెం,
21 మే.

మాస్టారికి హన్నా వందనాలు.

సైకిళ్ళు ఆపండి. ముందు ఆపి, తర్వాత ఈ ఉత్తరం చదవండి.

గాలి తగ్గాక పడవలన్నీ క్షేమంగా వచ్చేయి, నూకయ్య తప్ప. ఎక్కడో రేవులో దింపమన్నాడని, ఎందుకో చెప్పలేదని తోటివాళ్ళన్నారు. మరిడమ్మగారు గుండెలు బాదుకుంది. గంగ నన్ను పట్టుకుని, "నాకు సైకిలొద్దక్కా, మా నాన్న కావాలి" అని ఒకటే ఏడుపు. నేనూ ఏడ్చేను.

నిన్న మధ్యాహ్నం వచ్చేడు. అడుగులో అడుగేసుకుంటూ, కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తూ. తిన్నగా నా దగ్గరికొచ్చి ఒక కాగితం చేతిలో పెట్టేడు. ఆసుపత్రి కాగితం.

"చేయించేసుకున్నానండి. పడవలో కూర్చుని ఆలోచించేనండి. నలుగురున్నారు, చాలండి. పిల్ల బడి మానకూడదండి. సైకిలు ఇప్పించండి" అన్నాడు.

ఆసుపత్రిలో సైకిలు సంగతి అడిగితే, అలాంటివి ఇక్కడ లేవయ్యా అన్నారట. "తెలుసండి, అది హన్నమ్మగారి దగ్గరుందండి" అన్నాడట.

ధైర్యం చేసి, దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. నా చేతిలో కాగితంకేసి చూసి, "అంటే ఊరికేనే ఇత్తారాండీ?" అన్నాడు.

"ఆయ్, ఊరికేనేనండి."

"ఆ ముక్క ముందే చెబితే బాగుండేదండి" అన్నాడు. అంతే. ఒక్క మాట విసురుగా అనలేదు. ఆయన వెనకాల నిలబడి నవ్వుతున్న మిగతా నలుగురు తండ్రులూ నవ్వుతూనే వేలిముద్రలు వేసేశారు. అయిదూ ఇందులో పెట్టాను. తీర్మానం రద్దు చేయించండి మాస్టారూ. గంగ సైకిలు ఇంకో ఊరికి పంపితే నేనే వెళ్ళి లాక్కొస్తాను.

హన్నా

తా.క. వారం రోజులు సైకిలెక్కొద్దని డాక్టరు నూకయ్యకి గట్టిగా చెప్పేడట. "నేనెందుకెక్కుతానండీ, అది నాది కాదు కదండీ" అన్నాడట, "మా గంగదండి."