వై కొట్టొద్దు భువనా

భువనా, మీ అత్తకొడుకు చంద్రమోహన్ నోట్లో మన్ను పడ! "ఏమడిగినా వై అక్షరం కొట్టు మామా, ఏం కాదు" అని కంప్యూటర్లో లైనక్స్ వేసిపోయినాడు. పొద్దున అప్‌డేట్ మధ్యలో ఎర్రక్షరాలు వచ్చినాయి. పోగు తెగితే ముడేసి నేసుకుంటూ పోయే చెయ్యి కదా, అడిగినప్పుడల్లా వై కొట్టుకుంటూ పోయినా. చీరల డిజైన్లు తెరిచే సాఫ్ట్‌వేర్ చెరిగిపోయింది. మా నాయన, మీ జేజినాయన గీసిన అంచులు ఉండాయో పోయినాయో చూసేదానికి భయమైంది.

వాడు ఫోనెత్తడంలేదు, వాడుండే ఆత్మకూరుకే పోతాండా. నువ్వు కంప్యూటర్ ఆపొద్దు. ముందు డిజైన్ల ఫోల్డరును పెన్‌డ్రైవులోకి ఎక్కించు, తర్వాతే సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేయి. అన్నం తిని కూర్చో. మీయమ్మకు చెప్పొద్దు.

ఆ కంప్యూటర్ డబ్బా, దాంతో నడిచే మగ్గం కోసమే కదమ్మా ఓర్వకల్లు చేను అమ్మింది, ఎకరా ముప్పై సెంట్లు.