తమ జీపు ఆపిన సినిమా కానిస్టేబులు విషయమై

మండల పోలీసు స్టేషను సబ్ ఇన్‌స్పెక్టరు శ్రీ చైతన్యకృష్ణ గారి సముఖమునకు, ఎర్రకుంటపాడు గ్రామ కాపురస్తురాలు, మిరప రైతు పిచ్చమ్మ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా కల్లంలో ఆగిపోయిన సినిమా షూటింగునకు ఒక్క పూట అనుమతి, బందోబస్తు ఇప్పించుట గురించియు, తమరు పడిన బొమ్మ తీసివేయకుండా ఉంచుట గురించియు.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా, నేను అయిదో తరగతిలో బడి మానినదానను. మీసేవ గోడకు అంటించిన నమూనా చూసి ఇంతవరకు వ్రాశాను. ఇక మీదట నాకు వచ్చినట్టు రాస్తాను, తప్పులుంటే మన్నించగలరు.

1. పోయిన ఏడాది మిరపకాయలు ఎండబోసి ఉన్నప్పుడు సినిమా వాళ్లు మా ఊరు వచ్చి ఉన్నారు. ఎర్రటి కల్లం పక్కన హీరోయిన్ పరిగెత్తాలంట, కానిస్టేబులు విజిలేసి ఆపాలంట. తమ స్టేషను వారు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, జనాన్ని వెనక్కి జరిపి, సక్రమముగా బందోబస్తు జరిపి ఉన్నారు. ఈ నెంబరు కింద నాకు ఎట్టి ఫిర్యాదు లేదు.

2. కానిస్టేబులు వేషం కట్టిన పట్నం మనిషి ఊరికే ఉండక ఒక మిరపకాయ తుంచి చూసి, అదే చేత్తో కళ్లు నులుముకున్నాడు. మా ఊళ్లో పాకే పిల్లలు కూడా చెయ్యని పని. కళ్లు మూసుకుపోయినాయి. ఆ చొక్కా పట్టే ఒడ్డూ పొడుగూ మా అబ్బాయి యలమందకు ఉన్నందున వాడికి తొడిగారు. విజిలు చేతికిచ్చి, "ఈ తాడు దాటి ఎవర్నీ రానీకు, ఎవరొచ్చినా సరే" అని డైరెక్టరు గారు చెప్పి ఉన్నారు.

3. ఆ సమయమున తమరు జీపులో వచ్చి ఉన్నారు. అప్పటికి తమరు స్టేషనుకు కొత్త. మావాడు తమరిని కూడా సినిమా మనిషే అనుకున్నాడు. విజిలేసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండాగండి. మీ షాట్ ఇంకా రాలేదు."

"ఏయ్, నేనెవరో తెలుసా?"

"తెలుసులెండి, ఎస్సై వేషం. బాగానే కుదిరింది గానీ టోపీ కాస్త సర్దుకోండి. పిలిచినప్పుడు వద్దురు."

ఊరు ఊరంతా నవ్వింది. తమరు జీపు దిగారు, షూటింగు ఆగిపోయింది. సాయంత్రానికి వాళ్లు వ్యాన్లెక్కి వెళ్లిపోయారు. తప్పు మావాడిదే. తమరు వాణ్ణి స్టేషనుకు పిలిపించి, మందలించి, కేసు లేకుండా పంపారు. టీ కూడా తాగించారు, మొహంలో నవ్వు మాత్రం లేదంట. ఇంటికొచ్చి వాడు, "నిజం ఎస్సై గారేనే అమ్మా. కానీ టోపీ మాత్రం నిజంగానే వంకర" అన్నాడు.

4. తరువాత శ్రావణంలో పత్తిచేలో పిడుగు పడి మా యలమంద చనిపోయి ఉన్నాడు. ఇది తమకు తెలుసు. పంచనామాకు తమరే వచ్చారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఈ నెంబరు కింద ఇంతకంటే రాయలేను.

5. ఇప్పుడు సినిమా వాళ్లు మళ్లీ వచ్చారు. మిగిలిన ముక్క తీస్తేనే ఆ సీను ఉంటుందంట, లేకపోతే మొత్తం కోసేస్తారంట. మేనేజరు రామకాంత్ గారు ఫోనులో చూపించారు. ఆ రోజు కెమెరా ఆపలేదంట, మావాడు తమ జీపు ఆపింది మొత్తం పడింది. మిగతావాటిలో వాడి వీపే కనపడుతుంది. మొహం కనపడేది, మాట వినపడేది ఆ ఒక్క ముక్కలోనే. వాడి ఫోను వాడితోపాటే కాలిపోయింది. ఇంట్లో ఫొటోలు ఉన్నాయి, ఆధార్ కార్డులో అయితే ఎవరినో కొట్టి వచ్చినట్టు ఉంటాడు. మాట్లాడేది ఒక్కటీ లేదు. ఆ ముక్క నాకిమ్మంటే, "రిలీజు కాకముందు ఇవ్వకూడదమ్మా" అన్నారు.

6. తమరు అనుమతి కాగితం పక్కన పెట్టారని, తమరి బొమ్మ వాడటానికి ఒప్పుకోలేదని కానిస్టేబులు షాహిస్తా గారు చెప్పి ఉన్నారు. "సారుకి సిగ్గుగా ఉందమ్మా. ఎక్కడికి పోయినా జనం టోపీ సర్దుకోమంటారని. నోటితో అడిగితే కాదంటారు, రాసి ఇవ్వు" అన్నారు. ఆమెను ఏమీ అనవద్దు.

7. ఊళ్లో అందరూ కాయ టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలేశారు. ఎరుపు మిగిలింది నా కల్లంలోనే. పక్కింటి నాగజ్యోతి రోజూ వచ్చి, "ఏందత్తా, కాయ పట్టుకుంటే పొడైపోతుంది, ఇంకా ఎత్తవా? హీరోయినొచ్చి ఎత్తుద్దా?" అంటోంది. "ఎత్తుద్దేమో, నీకెందుకే! నువ్వు జడేసుకుని నిలబడు, జనంలో పడతావు" అన్నాను. అప్పటినుంచి అది పూలు లేకుండా గడప దాటటం లేదు. నిన్న పడమట మబ్బు పట్టింది. వాన పడితే కాయ పోతుంది, వాళ్లకు కల్లం ఉండదు, నాకు వాడి మాట ఉండదు.

జనాన్ని మేమే అదుపులో ఉంచుతాము. తాడు ఒక కొస నేను, రెండో కొస నాగజ్యోతి పట్టుకుంటాము. అంబులెన్సు వస్తే షాటు మధ్యలోనైనా తాడు దించుతాము. పట్నం వాళ్లు కళ్లు నులుముకోకుండా ముందే చేతులు కడిగిస్తాము. పోలీసు వారికి మజ్జిగ ఉంటుంది, తమకు కూడా.

కావున తమరు దయతో ఆ కాగితం మీద సంతకం చేసి, మావాడిని, తమరిని ఒకే బొమ్మలో ఉండనిచ్చి, ఈ తల్లి మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పిచ్చమ్మ
(యలమంద తల్లి)

మరొక మాట: ఫోనులో ఆ ముక్క మేనేజరు గారు విసుక్కునేదాకా వేయించుకుని చూశాను. నువ్వు కోపంగానే జీపు దిగావు. దిగి అటు తిరిగి టోపీ సర్దుకున్నావు. సర్దుకుంటూ నవ్వావు. మా ఊళ్లో ఎవరికీ కనపడలేదు, మావాడికీ కనపడలేదు, కెమెరా మాత్రం అటువైపే ఉంది. నీకు కోపం పోలేదనే వాడు చివరిదాకా అనుకున్నాడు. ఆ నవ్వు చూశాకే నాకు ఇది రాసే ధైర్యం వచ్చింది. సంతకం పెట్టు నాయనా. ఈ మధ్య టోపీ సరిగ్గానే పెట్టుకుంటున్నావు.