వంటింటి గోడలో పగులు

బాబాయ్, ఆగు! గునపం ఎత్తకముందు ఇది విను. వంటింటి గోడ కూల్చొద్దు, కూలీలకి రావద్దని ఫోన్ చెయ్యి.

పొద్దున మేస్త్రీ సున్నం గీకి చూస్తే అది పగులే కాదు, పాత గుమ్మం అంచు! గోడ అవతలి నానమ్మ గది పశువుల కొట్టంగా ఉన్న రోజుల్లో ఎవరో దాన్ని మట్టి ఇటుకలతో మూసేశారట. రాతిగోడకీ ఇటుకకీ పొసగక ఏటా అతుకు విడిపోతోంది, మనమేమో ఏటా సిమెంటు మెత్తి హడలి చచ్చాం.

"మీరంతా పోయినా ఈ గోడ ఉంటుంది" అన్నాడు మేస్త్రీ. హమ్మయ్య, నానమ్మ గది ఖాళీ చెయ్యక్కర్లేదు! నాకు గోడల పిచ్చని నవ్వావుగా, ఇప్పుడు నవ్వు చూద్దాం. బస్సుకి పరిగెడుతున్నా.

మర్చిపోయా, నానమ్మ ఆ గుమ్మం తెరిపించమంటోంది. తెరిస్తే మంచం మీంచే నీ వంటకి వంకలు పెడుతుంది. ఏం చేస్తావు మరి?