కాశమ్మ పెట్టెలోని అరవై రూపాయలు

తాండూరు నాపరాళ్ల గనిలో పనిచేసుకొని బతికే నేను, పెద్దయ్య కొడుకు భీమయ్యను, వయసు సుమారు అరవై, ఎవరి బలవంతమూ లేకుండా, తాగకుండా, తెలివితో ఈ వీలునామా రాయిస్తున్నాను. దగ్గు తప్ప వేరే రోగం లేదు. మతి స్థిరంగానే ఉంది. ఏది నాదో, ఏది నా భార్య కాశమ్మదో తేల్చుకోవడంలోనే తికమకగా ఉంది.

1. మాది 1948లో జరిగిన మారుమనువు. అప్పటికే నాకు కొడుకు హన్మయ్య, ఆమెకు బిడ్డ సంతోషమ్మ ఉన్నారు. అందుకని పెద్దమనుషుల ముందు ఒక మాట అనుకున్నాం. నా కూలితో ఇల్లు నడవాలి, మిగిలింది నా కొడుక్కు. ఆమె కందులు విసిరి పప్పు అమ్మిన పైసలు ఆమె బిడ్డకు. ఒకరి పెట్టె ఒకరు ముట్టరాదు.

2. కాబట్టి నా కూలితో కట్టిన రెండు గదుల ఇల్లు హన్మయ్యకు చెందాలి. ఇంతవరకు రాయించాక అనుమానం వచ్చింది. కింద పరచిన బండలు నావి. పైన దూలాలు కాశమ్మ తన బర్రెను అమ్మి కొన్నవి. బండలు ఒకరికి, దూలాలు ఒకరికి ఇస్తే మధ్యలో ఎవరుంటారని, ఇది రాస్తున్న ఖుద్దూస్ సాబు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ అంశం ప్రస్తుతానికి ఆపించాను.

3. నా తమ్ముడు జంగప్పకు ఏమీ లేదు. నా మారుమనువునాడు పట్టుకుపోయిన గొంగడి ఇప్పటికైనా తిరిగి ఇస్తే అది సంతోషమ్మకు చెందుతుంది. ఆ పిల్ల నన్ను మొదటిసారి నాయినా అని పిలిచిన రోజు చలికి వణుకుతూ ఉంది. కప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

4. ఇది ఎవరికీ చెప్పని సంగతి. 1952లో హన్మయ్యకు జ్వరం ముదిరింది. వికారాబాద్ దవాఖానాకు తీసుకుపోవాలంటే నా దగ్గర రైలు చార్జీ కూడా లేదు. కాశమ్మ పప్పు అమ్మడానికి పోయినప్పుడు చూస్తే ఆమె పెట్టెకు తాళం లేదు. అప్పట్లో చెల్లిన నిజాం సిక్కా, అరవై హాలీ రూపాయలు తీశాను. పిల్లవాడు బతికాడు. పైసలు కూడబెట్టి తిరిగి పెడదామని చూసేసరికి పెట్టెకు మళ్లీ తాళం ఉంది. ఆమె ఏనాడూ అడగలేదు. తెలిసి ఊరుకుందో, అసలు తెలియదో నాకు అర్థం కాలేదు. దీన్ని దొంగతనమని రాయించాలా, అప్పని రాయించాలా?

5. నేను పోయాక ఆమె ఈ సంగతి వినడం న్యాయం కాదు. అందుకే పై నాలుగు అంశాలూ ఈరోజే ఆమెకు చదివించి వినిపించాను. ఆమె చేట దించకుండానే చెప్పింది: “తాళం నేనే తీసి పోయిన. అడుగుతవేమో అని మూడు దినాలు చూసిన. నువ్వు నోరిప్పకపోతివి. పోరడు సస్తడని భయమైంది.” మరి గప్పుడే చెప్పొద్దా అని అడిగాను. “నువ్వు చెప్పినవా?” అంది.

6. రెండో అంశం రద్దు. బండలూ దూలాలూ కలిపి ఇల్లు మొత్తం కాశమ్మది. ఆమె తదనంతరం హన్మయ్యకు, సంతోషమ్మకు సమానంగా చెందాలి. పదేళ్లుగా దొంగనని తల వంచుకొనే ఆమె పెట్టిన అన్నం తిన్నాను. నేను ఎప్పుడు చెప్తానా అని ఆమె పదేళ్లు నా ఎదురుగా కూర్చుంది. ఆ పదేళ్లు ఎవరి వాటాలో రాయించాలో నాకు తెలియడం లేదు.

తాండూరు, 11 జూన్ 1962.

భీమయ్య ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: చాంద్‌పాషా (గని మేస్త్రీ), ఏసుదాసు (పక్కింటివాడు)
రాసినవాడు: ఖుద్దూస్