డిష్ కొనడానికి వచ్చినవాడు

గాజువాక, ఆదివారం రాత్రి

పెద్ద కేబుల్ కంపెనీ మనిషి ఈరోజు ఇంటికొచ్చాడు. మేడ మీద మా అబ్బాయి సూరిబాబు పెట్టిన డిష్ అమ్మమన్నాడు. ఈ వీధిలో ఇంకెవరూ కేబుల్ లైన్ పెట్టకూడదని కొంటున్నాడు, నాకు తెలీదనుకున్నాడు వెధవ. ఆరు నెలలు ఛానెళ్లు ఊరికే చూపించి నా కొడుకు కనెక్షన్లన్నీ లాక్కున్నారు. వాళ్లు తెగ్గోసిన తీగ కట్టబోయి వాడు స్తంభం మీంచి పడి నాకు దక్కకుండా పోయాడు. ఇప్పుడు వాళ్లదే రాజ్యం, రేటు రెండింతలు.

"తుప్పట్టిపోతంది కదమ్మా, దాంతో ఏటి సేత్తావు?" అన్నాడు.

"దాంట్లో నెత్తళ్ల చేపలు ఎండబెడతన్నాను. మీ కంపెనీ కంటే అవే నయం, కంపు దాచుకోవు," అన్నాను.

వాడు పోగానే సూరిబాబుతో పనిచేసిన అప్పల్రాజుని పిలిచి డిష్ ఇచ్చేశాను. "లైన్ పెట్టుకో, స్తంభం మాత్రం ఎక్కకు," అన్నాను.

"ఎక్కకపోతే ఎలాగ పిన్నీ?" అన్నాడు.